గడిలో పడని పతకం: అమెరికా మాజీ సైనికుల సేవా రికార్డుల సవరణ

అమెరికా సైన్యంలో పనిచేసి బయటికి వచ్చినవారి చేతికి ఒక డిశ్చార్జ్ పత్రం వస్తుంది. 1950 నుంచి దాని పేరు డీడీ 214. ఎప్పుడు చేరారు, ఏ హోదాలో విడుదలయ్యారు, విదేశాల్లో ఎన్నాళ్లు ఉన్నారు అన్న వివరాలన్నీ గళ్లు గళ్లుగా ఉన్న ఆ కాగితంలోనే ఇమిడి ఉంటాయి. వియత్నాం యుద్ధకాలపు నమూనాలో 24వ గడి, తర్వాతి నమూనాలో 13వ గడి పతకాలకు కేటాయించారు. ఆ గడి శీర్షికలో పతకాలు 'ప్రదానమైనవి లేదా అర్హత ఏర్పడినవి' అని అర్థమిచ్చే మాటలు ఉంటాయి. అందులోని 'లేదా' చాలా బరువైన మాట. ఎవరూ వేదిక మీదికి పిలిచి గుండెకు తగిలించకపోయినా, నిబంధన ప్రకారం అర్హత ఏర్పడిన పతకం కూడా ఆ గడిలో ఉండి తీరాలన్నది దాని భావం. ఉండవలసినది లేకపోతే సవరణ కోరే హక్కు అక్కడి నుంచే మొదలవుతుంది.

గడిలో పతకం కనబడకపోతే ప్రభుత్వం దాన్ని నిరాకరించిందని కుటుంబసభ్యులు అనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో ఎవరూ ఏదీ నిరాకరించి ఉండరు. ఆ లోపం మూడు రకాలుగా ఏర్పడుతుంది. అర్హత నిబంధన ప్రకారమే వచ్చేసి కాగితంలోకి ఎక్కకపోవడం ఒకటి. ఉత్తర్వు వెలువడినా, గాయం తగిలినా దాని ఆధారం పోవడమో, ఫైలు దాకా చేరకపోవడమో రెండోది. సాహసం జరిగినా పై అధికారులెవరూ సిఫారసే రాయకపోవడం మూడోది. ఈ మూడింటికీ వెళ్లవలసిన కార్యాలయాలు వేరు, చూపవలసిన ఆధారాలు వేరు, పట్టే కాలం వేరు. మొదటి రకం లోపాన్ని మూడో రకంగా భావించి కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) సభ్యుడి చుట్టూ తిరిగేవారు కొందరైతే, మూడో రకాన్ని మొదటి రకంగా భావించి రికార్డుల కేంద్రానికి ఒక ఫారం పంపి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు మరికొందరు. పని చెడేది ఎక్కువగా ఈ పొరపాటు వల్లనే.

గుమస్తా దగ్గర ఏం జరిగిందో చూస్తే మొదటి రకం అర్థమవుతుంది. వియత్నాం నుంచి తిరిగివచ్చినవారిలో నిర్బంధ సేవ గడువు ముగియవచ్చినవారిని కాలిఫోర్నియాలోని ఓక్లాండ్, వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్ వంటి స్థావరాల్లో దిగీ దిగగానే లాంఛనాలు ముగించి ఇళ్లకు పంపేసేవారు. డిశ్చార్జ్ పత్రం టైపు చేసే గుమస్తాకు ఆ సైనికుడి గురించి తెలిసిందల్లా ముందున్న డీఏ ఫారం 20 అనే సేవా కార్డు చెప్పినంతే. ఆ కార్డులో 40వ గడి గాయాలది, 41వ గడి పతకాలది. వాటిని నింపవలసింది యుద్ధభూమిలో ఉన్న దళం తాలూకు గుమస్తా. అతను రాసి ఉంటే టైపు అయింది, రాయకపోతే లేదు. పతకం ఉత్తర్వు సైనికుడు బయలుదేరిన తర్వాత సంతకమై, పాత దళం చిరునామాలోనే ఆగిపోతే దాన్ని వెతికి కార్డులో చేర్చేవారు ఉండరు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక సైనికుడు 1968 జనవరి 10న వియత్నాంలో దిగి 1969 జనవరి 8న తిరిగి విమానం ఎక్కాడనుకుందాం. డిశ్చార్జ్ పత్రంలో అతనికి నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్, వియత్నాం సర్వీస్ మెడల్, దక్షిణ వియత్నాం ప్రభుత్వపు క్యాంపెయిన్ మెడల్ మాత్రమే ఉన్నాయి. పైకి చూస్తే లోపమేమీ లేదు. అయితే వియత్నాం యుద్ధాన్ని అమెరికా సైన్యం 17 దండయాత్రలుగా విభజించింది. ఒక్కో దండయాత్రకు సర్వీస్ మెడల్ రిబ్బను మీద ఒక చిన్న కంచు నక్షత్రం పెట్టుకోవచ్చు. ఆ తేదీల మధ్య మూడో ప్రత్యాక్రమణ దశ చివరి రోజులు, 1968 జనవరి 30 నుంచి ఏప్రిల్ 1 వరకు టెట్ ప్రత్యాక్రమణ, ఆ తర్వాత నాలుగు, ఐదు దశలు పూర్తిగా, నవంబరు 2న మొదలైన ఆరో దశలో కొంత భాగం వస్తాయి. మొత్తం ఐదు. ఐదు కంచు నక్షత్రాల బదులు ఒక వెండి నక్షత్రం పెట్టుకోవాలన్నది నియమం. ఈ వెండి నక్షత్రానికీ, శౌర్యానికిచ్చే సిల్వర్ స్టార్ పతకానికీ సంబంధమే లేదు. సవరించిన కాగితంలో 'ఒక సిల్వర్ సర్వీస్ స్టార్' అన్న పదాలు చూసి తాతగారికి సిల్వర్ స్టార్ వచ్చిందని పత్రికకు ప్రకటన ఇచ్చేస్తే తర్వాత తలవంపులు తప్పవు.

ఆ సైనికుడికి రావలసింది అంతటితో అయిపోదు. దక్షిణ వియత్నాం ప్రభుత్వం గ్యాలంట్రీ క్రాస్ అనే తన శౌర్య పతకాన్ని దళాలకిచ్చే ప్రశంస రూపంలో అక్కడ పనిచేసిన అమెరికా ఆర్మీ, అంటే భూసైన్యపు దళాలన్నింటికీ ఇచ్చింది. దాన్ని ధ్రువీకరించిన ఆర్మీ ఉత్తర్వు, జనరల్ ఆర్డర్స్ సంఖ్య 8, వెలువడింది 1974లో. అప్పటికి ఆ సైనికుడు ఇంటికి వెళ్లి ఐదేళ్లు. అంటే డిశ్చార్జ్ పత్రం టైపు చేసిన నాడు అందులో తప్పేమీ లేదు. కాలం దాన్ని తప్పుగా మార్చింది. ఇలా వెనక్కి వెళ్లి వర్తించే పతకాలు ఇంకా ఉన్నాయి. యుద్ధఖైదీల పతకాన్ని 1985లో ఏర్పాటు చేసి మొదటి ప్రపంచయుద్ధకాలం నుంచి వర్తింపజేశారు. దక్షిణ కొరియా 1951లోనే ఇవ్వజూపిన యుద్ధసేవా పతకాన్ని అమెరికా అంగీకరించింది 1999లో. కొరియా డిఫెన్స్ సర్వీస్ మెడల్‌కు 2002లో చట్టం చేసి, 1954 జూలై 28 నుంచి అక్కడ పనిచేసినవారికి అర్హత కల్పించారు. పాత కాగితంలో ఇవి లేవని ఆనాటి గుమస్తాను తిట్టుకోవడంలో అర్థం లేదు.

గుడ్ కండక్ట్ మెడల్‌ది కాస్త విచిత్రమైన కథ. సత్ప్రవర్తనకు ఇచ్చే ఈ పతకం సైనికుడికి దానంతటది రాదు, దళాధికారి ఉత్తర్వు ఇవ్వాలి. మామూలుగా మూడేళ్ల సేవ కావాలి గానీ, 1950 జూన్ 27 తర్వాత సేవ ముగించినవారికి ఏడాది దాటి మూడేళ్లలోపు సేవ ఉన్నా మొదటి పతకం ఇవ్వవచ్చు. రెండేళ్లకే విడుదలయ్యే సైనికుడి విషయంలో ఆ ఉత్తర్వు రాయాలన్న ఆలోచన దళంలో ఎవరికీ రాకపోవడం మామూలే. ఇలాంటి దరఖాస్తు వచ్చినప్పుడు ఆర్మీ ప్రధానంగా చూసేది మూడు విషయాలు: సేవా కార్డులో ప్రవర్తన, సామర్థ్యాలకు ఇచ్చిన శ్రేణులన్నీ 'ఎక్సలెంట్'గా ఉన్నాయా, సెలవు లేకుండా గైర్హాజరైన రోజులు ఉన్నాయా, పతకానికి అనర్హుడని దళాధికారి రాసిన కాగితం ఫైలులో ఉందా. అనర్హత కాగితం లేకుండా మిగతావన్నీ సవ్యంగా ఉంటే, ఉత్తర్వు లేకపోవడాన్ని పరిపాలనాపరమైన మరపుగానే లెక్కగట్టి పతకం ఇచ్చిన నిర్ణయాలు ఎన్నో ఉన్నాయి.

రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన ఆర్మీ సాధారణ సైనికుల డిశ్చార్జ్ పత్రం డీడీ 214 కాదు, డబ్ల్యూడీ ఏజీఓ 53-55. అందులో 33వ గడి పతకాలది. అక్కడ యుద్ధంలో సాహసానికో, మెచ్చదగిన సేవకో ఇచ్చే బ్రాంజ్ స్టార్ పతకం లేదని చూసి కాగితాన్ని మడిచి పెట్టేసేవారు రెండు గళ్లు పైకి, అంటే 31వ గడి దాకా వెళ్లి చూడాలి. సైనిక నైపుణ్యాలు, బ్యాడ్జీలు రాసే ఆ గడిలో కంబాట్ ఇన్‌ఫంట్రీమన్ బ్యాడ్జ్ (పోరాటంలో పాల్గొన్న పదాతి సైనికుడి చిహ్నం) అని ఉంటే, బ్రాంజ్ స్టార్‌కు అర్హత అక్కడే ఉన్నట్టు. కాలినడకన పోరాడిన పదాతి సైనికులు, వారి వెంట ఉన్న వైద్య సహాయకులు పడిన కష్టానికి తగిన గుర్తింపు రాలేదన్న భావనతో 1947లో సైన్యం ఒక విధానం తెచ్చింది. 1941 డిసెంబరు 7 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు నేలమీది పోరాటానికి ఆ బ్యాడ్జ్ గానీ, కంబాట్ మెడికల్ బ్యాడ్జ్ గానీ పొందినవారికి బ్రాంజ్ స్టార్ కూడా ఇవ్వవచ్చన్నది దాని సారం. కానీ అప్పటికి లక్షలమంది సైన్యం వదిలి పొలాలకూ కర్మాగారాలకూ వెళ్లిపోయారు. అడిగినవారికి పతకం వచ్చింది, అడగాలని తెలియనివారికి రాలేదు. డెబ్బై ఎనభై ఏళ్ల తర్వాత కూడా మనుమలు అడిగి తీసుకుంటున్నది ఎక్కువగా ఈ పతకాన్నే.

ఇంతవరకు చెప్పిన మొదటి రకం లోపాలకు బోర్డులూ వకీళ్లూ అక్కర్లేదు. మిసోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనెల్ రికార్డ్స్ సెంటర్‌కు స్టాండర్డ్ ఫారం 180తో రాస్తే అక్కడివారు ఫైలు తీసి అర్హతను పరిశీలిస్తారు. తేలని కేసులు ఆయా సైనిక విభాగాల సిబ్బంది కార్యాలయాలకు వెళతాయి. ఆర్మీకైతే అది కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో ఉన్న హ్యూమన్ రిసోర్సెస్ కమాండ్. సైనికుడు మరణించి ఉంటే పునర్వివాహం చేసుకోని జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు అడగవచ్చు. సేవ నుంచి విడుదలై 62 ఏళ్లు నిండిన ఫైలు నేషనల్ ఆర్కైవ్స్ అనే ప్రభుత్వ పత్ర భాండాగారం పరిధిలోకి వెళ్లి ఎవరైనా చూడగలిగేదవుతుంది గనుక, పాతతరం సైనికుల విషయంలో మనుమలకు కూడా దారి మూసుకుపోదు.

అసలు చిక్కు ఫైలే లేనప్పుడు మొదలవుతుంది. 1973 జూలై 12న అర్ధరాత్రి దాటాక ఆ కేంద్రం ఆరో అంతస్తులో నిప్పంటుకుంది. 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1959 చివరి వరకు ఆర్మీ నుంచి విడుదలైనవారి ఫైళ్లలో 80 శాతం, 1947 సెప్టెంబరు నుంచి 1963 చివరి వరకు వైమానిక దళం నుంచి విడుదలైనవారిలో ఇంటిపేరు అక్షరక్రమంలో 'హబ్బర్డ్' తర్వాత వచ్చేవారి ఫైళ్లలో 75 శాతం పోయాయి. వాటికి నకళ్లు లేవు, సూచిక కూడా లేదు. నౌకాదళం, మెరైన్ కోర్ ఫైళ్లకు ఈ నష్టం జరగలేదు. అందువల్ల నావికుడి వారసుడికి 'అగ్నిప్రమాదంలో పోయింది' అన్న జవాబు వస్తే మళ్లీ అడగాలి. ఆర్మీ సైనికుడి వారసుడికి అదే జవాబు వస్తే వేరే కాగితాల వేట మొదలుపెట్టాలి.

ఆ వేటలో ముందుగా చూడవలసింది మార్నింగ్ రిపోర్ట్. కంపెనీ అనే ప్రతి చిన్న సైనిక దళమూ రోజూ ఉదయం పంపే హాజరు నివేదిక ఇది. దీని తీరు తెలియనివారు నెలల తరబడి తిరగేసి పేరు కనబడలేదని నిరాశపడతారు. మామూలుగా విధుల్లో ఉన్నవాడి పేరు అందులో ఉండదు. గాయపడి ఆసుపత్రికి వెళ్లాడా, తిరిగొచ్చాడా, బదిలీ అయ్యాడా, హోదా మారిందా అన్నప్పుడే పేరూ సర్వీస్ నంబరూ పడతాయి. కాబట్టి గాయపడ్డ తేదీ ఉజ్జాయింపుగానైనా తెలిసి ఉండాలి, అప్పటి కంపెనీ కచ్చితంగా తెలిసి ఉండాలి. రెండో ఆధారం, ఆర్మీ వైద్య విభాగాధిపతి అయిన సర్జన్ జనరల్ కార్యాలయం గణాంకాల కోసం తయారుచేసుకున్న ఆసుపత్రి చేరికల సమాచారం. 1942 నుంచి 1945 వరకు, మళ్లీ 1950 నుంచి 1954 వరకు చేరినవారి వివరాలు అందులో ఉన్నాయి. ఇది వేరేచోట ఉండటంతో మంటల నుంచి తప్పించుకుని 1988లో వెలుగులోకి వచ్చింది. అందులో పేర్లు ఉండవు, సర్వీస్ నంబర్లే ఉంటాయి. ట్రంకుపెట్టెలో దొరికే జీతం రసీదు, ఓడ ప్రయాణపు ఉత్తర్వు లాంటి పనికిరానిదనిపించే కాగితం మీద ఆ నంబరు ఉండటమే ఒక్కోసారి మొత్తం కేసును నిలబెడుతుంది. శౌర్య పతకాల విషయంలో డివిజన్ అనే పెద్ద దళం స్థాయిలో వెలువడిన జనరల్ ఆర్డర్స్ ప్రతులు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వ్యక్తి ఫైలు కాలిపోయినా, అతని పేరున్న ఉత్తర్వు దళం ఫైలులో దొరకవచ్చు.

యుద్ధంలో గాయపడినవారికిచ్చే పర్పుల్ హార్ట్ పతకం కేసులు రెండో రకానికి మంచి నమూనా. ఇది ఒకరు సిఫారసు చేస్తే మరొకరు దయతో ఇచ్చే పతకం కాదు, షరతులు నెరవేరితే హక్కుగా వచ్చేది. ఆర్మీ నిబంధనల ప్రకారం గాయం శత్రువు చర్య వల్ల అయి ఉండాలి, వైద్యాధికారి చికిత్స అవసరమైనంత గాయమై ఉండాలి, ఆ చికిత్స రికార్డులో నమోదై ఉండాలి. కుటుంబాలు తడబడేది మూడో షరతు దగ్గర. వీపులో ఇప్పటికీ ఇనుపముక్క ఉందని ఎక్స్‌రే చూపితే గాయం తగిలిందని తేలుతుంది, అది ఎవరి చర్య వల్ల తగిలిందో తేలదు. చలికి పాదాలు గడ్డకట్టడం, వాహన ప్రమాదం, శత్రువుతో సంబంధం లేని పేలుడు ఈ పతకానికి చాలవు. తోటి సైనికుడి వాంగ్మూలం విలువైనదే, అయితే యాభై ఏళ్ల తర్వాత జ్ఞాపకం మీద రాసినదైతే ఒంటరిగా నిలవడం కష్టం. అదే వాంగ్మూలానికి ఆ తేదీ మార్నింగ్ రిపోర్టో, ఇంటికి వచ్చిన టెలిగ్రామో, ఆసుపత్రి నుంచి తల్లికి రాసిన ఉత్తరమో తోడైతే బరువు పూర్తిగా మారిపోతుంది.

కార్యాలయాల స్థాయిలో పని కాకపోతే మిగిలేది సైనిక రికార్డుల సవరణ బోర్డు. వీటి పుట్టుక ఆసక్తికరం. 1946కు ముందు ఒక సైనికుడి రికార్డు మార్చాలంటే అతని పేరిట కాంగ్రెస్‌లో ప్రత్యేక బిల్లు పెట్టవలసి వచ్చేది. ఆ బిల్లుల తాకిడి తట్టుకోలేక కాంగ్రెస్ 1946 శాసనసభ పునర్వ్యవస్థీకరణ చట్టంలో వాటిని నిషేధించి, ఆ పనిని సైనిక శాఖలకు అప్పగించింది. ఇప్పుడు ఆ అధికారం అమెరికా కోడ్ 10వ టైటిల్, 1552వ సెక్షన్‌లో ఉంది. ఆర్మీకి ఒక బోర్డు, వైమానిక దళానికి ఒకటి, నౌకాదళానికీ మెరైన్ కోర్‌కూ కలిపి ఒకటి ఉన్నాయి. సభ్యులు పౌర ఉద్యోగులే, యూనిఫారంలో ఉన్నవారు కాదు. రికార్డులో 'తప్పు' గానీ 'అన్యాయం' గానీ ఉందని తేలితే సవరించవచ్చని చట్టం చెబుతుంది. తప్పు లేకపోయినా అన్యాయం ఉండవచ్చని చట్టమే ఒప్పుకున్నట్టు.

దరఖాస్తు డీడీ ఫారం 149. లోపం కనిపెట్టిన నాటి నుంచి మూడేళ్లలోపు పెట్టుకోవాలి, న్యాయం దృష్ట్యా అవసరమని బోర్డు భావిస్తే ఆ గడువును పక్కన పెట్టవచ్చు. దిగువ కార్యాలయాన్ని అడగకుండా నేరుగా బోర్డుకు వస్తే వెనక్కి పంపేస్తారు. బోర్డు విచారణ మొదలయ్యేదే ఒక అనుకూలపు ఊహతో: ఆనాటి అధికారులు తమ పని సక్రమంగానే చేశారని. దాన్ని పడగొట్టే భారం దరఖాస్తుదారుడిదే. సందేహానికి అతీతంగా రుజువు చేయనక్కర్లేదు, ఆధారాల మొగ్గు తనవైపు ఉందని చూపితే చాలు. బోర్డు దర్యాప్తు సంస్థ కాదు. కాగితాలు అదే తెప్పించుకుంటుందని ఆశపడి రెండు వాక్యాల దరఖాస్తు పంపడం, మా నాన్న వీరుడు అని నాలుగు పేజీలు రాసి ఒక్క ఆధారమూ జతచేయకపోవడం, రెండూ ఒకే ఫలితాన్నిస్తాయి. పది నెలల్లో 90 శాతం కేసులు తేల్చాలని చట్టంలో గడువు ఉంది. తిరస్కరించినా కొత్త ఆధారం దొరికితే పునఃపరిశీలన కోరవచ్చు, ఫెడరల్ కోర్టుకూ వెళ్లవచ్చు.

మూడో రకంలో, అంటే సిఫారసే లేనప్పుడు, సవరించడానికి రికార్డులో ఏమీ ఉండదు. అక్కడ కావలసింది సవరణ కాదు, కొత్త నిర్ణయం. మామూలు గడువు దాటిన సిఫారసులను పరిశీలించడానికి అదే 10వ టైటిల్‌లోని 1130వ సెక్షన్ ఒక మార్గం చూపుతుంది: కాంగ్రెస్ సభ్యుడు కోరితే సంబంధిత సైనిక శాఖ ఆ సిఫారసు యోగ్యతను పరిశీలించి తన నిర్ణయం చెప్పాలి. కాంగ్రెస్ సభ్యుడు చేసేది తలుపు తట్టడమే, పతకం ఇప్పించడం కాదు. సిఫారసు, ప్రశంసాపత్రం ముసాయిదా, ప్రత్యక్ష సాక్షుల ప్రమాణపత్రాలు, వీలైతే నాటి పై అధికారి సంతకం అన్నీ కుటుంబమే సమకూర్చుకోవాలి.

ఈ దారి ఎంత పొడవో హెన్రీ జాన్సన్ కథ చెబుతుంది. న్యూయార్క్‌కు చెందిన 369వ పదాతి రెజిమెంట్‌లో నల్లజాతి సైనికుడైన అతను 1918 మే నెలలో, ఫ్రాన్స్‌లోని ఆర్గోన్ అడవి దగ్గర కావలి కాస్తుండగా జర్మన్ దాడి బృందం మీదపడింది. తుపాకీ మొరాయించాక కత్తితో పోరాడి, ఇరవైకి పైగా గాయాలతో తన సహచరుణ్ని శత్రువుల చేతిలో పడకుండా కాపాడాడు. ఫ్రాన్స్ వెంటనే క్రోయ్ ద గేర్ అనే తన యుద్ధ పతకం ఇచ్చింది, సొంత దేశం ఏమీ ఇవ్వలేదు. 1929లో అతను చనిపోయాడు. పర్పుల్ హార్ట్ 1996లో, శౌర్య పతకాల్లో రెండో స్థానంలో ఉన్న డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ 2002లో, అత్యున్నతమైన మెడల్ ఆఫ్ ఆనర్ 2015 జూన్ 2న వచ్చాయి. ఆధారాలు చాలవని ఒకసారి ఆగిపోయిన ఆ చివరి పతకం ప్రతిపాదనను కదిలించినది, ఘటన జరిగిన కొద్ది రోజులకే ఫ్రాన్స్‌లోని అమెరికా సేనల అధిపతి జనరల్ పెర్షింగ్ పేరిట వెలువడిన సందేశం నకలు ఒక సెనేటర్ కార్యాలయ సిబ్బందికి దొరకడం. అప్పటికీ గడువును మినహాయిస్తూ కాంగ్రెస్ చట్టం చేయవలసి వచ్చింది. అతని సాహసం 1918లోనే పత్రికల్లో వచ్చింది, ఎవరికీ సందేహం లేదు. అయినా కావలసి వచ్చింది నాటి తేదీ ఉన్న ఒక కాగితం.

ఇంత పట్టుదల ఎందుకని అనిపించవచ్చు. దొంగ పతకాల బెడద ఒక కారణం. పతకాలున్నాయని అబద్ధం చెప్పడాన్నే నేరం చేసిన చట్టాన్ని 2012లో సుప్రీంకోర్టు కొట్టేయగా, 2013లో లాభం పొందే ఉద్దేశంతో అబద్ధమాడటాన్ని నేరంగా చేస్తూ కొత్త చట్టం తెచ్చారు. రెండో కారణం, ఈ గడిలోని మాటలకు ప్రయోజనాలు ముడిపడి ఉండటం. పర్పుల్ హార్ట్ ఉంటే మాజీ సైనికుల శాఖ వైద్యసేవల్లో ప్రాధాన్యం లభిస్తుంది, ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో భూమిలో ఖననానికి అర్హత వస్తుంది. 2001 సెప్టెంబరు 11 తర్వాత గాయపడి ఆ పతకం పొందినవారికి చదువు ఖర్చుల సహాయం పూర్తిస్థాయిలో అందుతుంది. కంబాట్ బ్యాడ్జ్ మరోరకంగా పనికొస్తుంది: యుద్ధంలో పాల్గొన్నట్టు తేలినవారు తమకు తగిలిన దెబ్బ గురించి చెప్పే మాటను, వైద్య రికార్డు లేకపోయినా, ఆనాటి పరిస్థితులకు పొసగితే అంగీకరించాలని చట్టం చెబుతుంది. వృద్ధాప్యంలో వినికిడి పోయిన పదాతి సైనికుడికి ఆ బ్యాడ్జ్ అలంకారం మాత్రమే కాదు.

అర్హత తేలాక వచ్చే కాగితం మామూలుగా కొత్త డీడీ 214 కాదు. పాతదాన్ని అలాగే ఉంచి, ఫలానా గడిలో ఫలానాది చేర్చాలి అని చెప్పే డీడీ 215 అనే విడి పత్రం పంపుతారు, పతకాలు వేరే పార్సిల్‌లో వస్తాయి. పతకాలను అద్దాల పెట్టెలో పెట్టి గోడకు తగిలించి, ఆ పలుచని కాగితాన్ని కవరుతో సహా ఎక్కడో పడేసే ఇళ్లు ఉంటాయి. ఆ తర్వాత పెన్షన్ కార్యాలయానికో, అంత్యక్రియలు జరిపేవారికో పాత డీడీ 214 ఒక్కటే చూపిస్తే, అక్కడి గుమస్తా మళ్లీ 24వ గడి చూసి పతకం లేదనే చెబుతాడు. రెండు కాగితాలనూ ఒకే క్లిప్పుకు పెట్టి ఉంచడం, ఆ రెండింటినీ కలిపి కౌంటీ (మన జిల్లా లాంటిది) కార్యాలయంలో నమోదు చేయించడం దరఖాస్తులో చివరి భాగమే.